ఎంత దూరం? ఎంతసేపు?

పల్లెటూళ్ళలో దారి అడిగినవారికి పలు రకాల జవాబులు దొరుకుతాయి. "కూతవేటు దూరమే" అంటారు ఒకరు. "ఆమడ దూరం ఉంటుంది" అంటారు మరొకరు. "పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరతారు" అంటారు ఇంకొకరు. కూతవేటు అంటే కేక వేస్తే వినబడేటంత దూరం. ఆమడ అంటే సుమారు ఎనిమిది, పది మైళ్ళు. మూడవ జవాబులో మైళ్ళూ లేవు, కిలోమీటర్లూ లేవు; కాలం మాత్రమే ఉన్నది. మన పెద్దలు దూరాన్ని గొంతుతో కొలిచారు, అడుగులతో కొలిచారు, పొద్దుతో కూడా కొలిచారు. వీటిలో ఏదీ తప్పు కాదు. ప్రయాణం చేసేవానికి రెండు సంగతులు తెలియాలి: ఎంత దూరం? ఎంతసేపు? ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్లనే చిక్కులు వస్తాయి.

గంజాం జిల్లాలోని పొలసర నుండి బరంపురం ఎంత దూరమో చూద్దాం. పటంలో పొలసర దాదాపు 19 డిగ్రీల 42 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. బరంపురం దాదాపు 19 డిగ్రీల 19 నిమిషాల అక్షాంశం మీద ఉన్నది. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద, ఒకటి ఉత్తరంగా, ఒకటి దక్షిణంగా ఉన్నాయి. రెండింటి అక్షాంశాలకు నడుమ తేడా 23 నిమిషాలు. ఇక్కడ నిమిషం అంటే గడియారంలోని నిమిషం కాదు. డిగ్రీలో అరవయ్యవ వంతు. భూమి మీద ఒక అక్షాంశ నిమిషం సుమారు 1.85 కిలోమీటర్లు. ఓడలు నడిపేవారూ, విమానాలు నడిపేవారూ దీనినే నాటికల్ మైలు అంటారు. 23ను 1.85తో హెచ్చిస్తే 42.55 వస్తుంది. అంటే పొలసరకూ బరంపురానికీ నడుమ దూరం సుమారు 43 కిలోమీటర్లు.

అయితే ఈ దూరం గద్దకు సరిపోతుంది కాని బస్సుకు సరిపోదు. రెండు ఊళ్ళ మధ్య ఋషికుల్యా నది ప్రవహిస్తున్నది. గద్ద నదిని ఎక్కడైనా దాటగలదు. బస్సు మాత్రం వంతెన ఉన్నచోటికే పోవాలి. దారిలో చెరువు వస్తే గట్టు చుట్టి రావాలి. కొండ వస్తే దాని పక్కనుండి తిరగాలి. ఊరు వస్తే ఆగి, మనుషులను దింపి, ఎక్కించుకోవాలి. అందువల్ల రోడ్డు పొడవు ఎప్పుడూ నేరు దూరం కంటె ఎక్కువగానే ఉంటుంది. రోడ్డు పక్కన పాతిన కిలోమీటరు రాళ్ళు చెప్పేది దారి పొడవు. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే తేలేది నేరు దూరం. ఒకే రెండు ఊళ్ళకు ఇలా రెండు దూరాలు ఏర్పడ్డాయి.

రైలు సంగతీ ఇంతే. భువనేశ్వర్ నుండి బరంపురం రైలుదారిలో సుమారు 166 కిలోమీటర్లు. బరంపురం నుండి విశాఖపట్నం సుమారు 277 కిలోమీటర్లు. మొత్తం 443 కిలోమీటర్లు. భువనేశ్వర్‌కూ విశాఖపట్నానికీ నేరుగా గీత గీస్తే దాని పొడవు సుమారు 390 కిలోమీటర్లే. ఆ గీత చిలికా సరస్సు నీటిమీదుగా పోతుంది. పట్టాలు నీటిమీద వేయలేరు కనుక రైలుదారి సరస్సుకు పడమటి పక్కగా, కొండలకూ నీటికీ మధ్య నుండి సాగుతుంది. చిలికాను కిటికీలోనుంచి చూసే భాగ్యం ప్రయాణికులకు కలిగింది ఈ మలుపు వల్లనే.

విమానానికి నదులూ, సరస్సులూ అడ్డు రావు. ఈ 390 కిలోమీటర్ల దూరం దానికి సుమారు ఒక గంట పని. రైలుకు అదే ప్రయాణం సుమారు ఆరు గంటలు. అయితే పొలసరలోని వ్యక్తి విశాఖపట్నం చేరడానికి భువనేశ్వర్ వెళ్ళి విమానం ఎక్కడం లాభమా? లెక్క వేసి చూడాలి. భువనేశ్వర్ పొలసరకు ఈశాన్యంగా ఉన్నది. విశాఖపట్నం నైరుతిగా ఉన్నది. అతడు ముందు పోవలసిన దిక్కుకు వీపు పెట్టి ప్రయాణం చేయాలి. విమానం బయలుదేరడానికి గంటా రెండు గంటల ముందే విమానాశ్రయం చేరాలి. సామాను తనిఖీ చేయించుకోవాలి. దిగిన తరువాత ఊళ్ళోకి మరో వాహనం పట్టుకోవాలి. అన్నీ కలిపితే బరంపురంలో రైలెక్కినవాడే ముందుగా చేరినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆకాశంలో గడిపిన కాలం వేరు, ఇల్లు వదిలినప్పటి నుండి గమ్యం చేరేవరకు పట్టిన కాలం వేరు. ప్రయాణికునికి కావలసిన లెక్క రెండవదే.

విమానం లేకపోయినా గడిచే చోటు కనుక ఇక్కడ ఇలాంటి లెక్కలు వేసుకోవచ్చు. విమానమే ఆధారమైన చోట్లు కూడా లోకంలో ఉన్నాయి. మన దేశానికి ఉత్తరాన ఉన్న లేహ్ పట్టణం అలాంటిది. అది లదాఖ్‌లో, సముద్రమట్టానికి మూడు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. కాశ్మీరులోని శ్రీనగర్‌కూ, లేహ్‌కూ విమానాశ్రయాలు ఉన్నాయి. రెండు పట్టణాలూ ఇంచుమించు 34వ ఉత్తర అక్షాంశం దగ్గరే ఉన్నాయి. ఒకటి పడమట, ఒకటి తూర్పున ఉన్నది. వాటి రేఖాంశాల మధ్య తేడా సుమారు 2.77 డిగ్రీలు. ఆ అక్షాంశం దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 92 కిలోమీటర్లు. రెండింటినీ హెచ్చిస్తే సుమారు 255 కిలోమీటర్లు వస్తుంది. ఇది ఆకాశ దూరం.

నేలమీద అదే ప్రయాణం సుమారు 420 కిలోమీటర్లు. దారి సోనమర్గ్, ద్రాస్, కార్గిల్ మీదుగా పోతుంది. మధ్యలో జొజిలా అనే కనుమ ఉన్నది. దాని ఎత్తు 3,500 మీటర్లకు పైమాటే. మోటారు రోడ్డు లేని కాలంలో వర్తకులు గుర్రాలమీద, కంచరగాడిదలమీద సరుకు వేసుకొని ఈ దారిలో నడిచేవారు. శ్రీనగర్ నుండి లేహ్ చేరడానికి వారికి సుమారు రెండు వారాలు పట్టేది. మోటారు రోడ్డు వచ్చిన తరువాత అది సాధారణంగా రెండు రోజుల ప్రయాణం అయింది. మధ్యలో కార్గిల్‌లో రాత్రి బస చేసేవారు. చలికాలంలో కనుమ మీద మంచు కురిసి దారి మూసుకుపోయేది. ఒక్కొక్కసారి నెలల తరబడి తెరుచుకునేది కాదు. అందుకే లేహ్ ప్రజలు వేసవిలోనే బియ్యం, పిండి, పప్పులు, కిరోసిన్, మందులు నిలవ చేసుకునేవారు. కనుమ కిందుగా సొరంగం తవ్వే పని 2020లో మొదలైంది.

శీతకాలంలో లేహ్‌లో ఒకరికి శస్త్రచికిత్స అవసరమైందనుకోండి. అక్కడ వీలుకాని చికిత్స అయితే పెద్ద ఆసుపత్రికి పోవాలి. రోడ్డు మూసి ఉన్నప్పుడు 420 కిలోమీటర్లు అనే అంకెకు అర్థం లేదు. 255 కిలోమీటర్ల ఆకాశమార్గం ఒక్కటే మిగులుతుంది. దారులు మూసుకున్న రోజులలో చిక్కుపడిన ప్రయాణికులను వాయుసేన విమానాలు చేరవేయడం కూడా ఉన్నది.

ఈ ఆకాశమార్గం తెరుచుకున్న కథ 1948 నాటిది. అప్పుడు యుద్ధం జరుగుతున్నది. లేహ్ పట్టణం శత్రువుల వల్ల ప్రమాదంలో పడింది. సైన్యాన్ని నేలదారిన సకాలంలో పంపే వీలు లేదు. లదాఖ్‌కు చెందిన సోనం నోర్బు అనే ఇంజనీరు ఆధ్వర్యంలో అక్కడివారు ఇసుకనేలను చదును చేసి విమానం దిగడానికి తావు సిద్ధం చేశారు. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ డకోటా విమానాన్ని నడిపి అక్కడ దింపాడు. ఆ విమానంలో మేజర్ జనరల్ తిమ్మయ్య కూడా ఉన్నాడు. అంతకుముందు ఆ లోయలో విమానం దిగలేదు. దారి చూపే సరైన పటాలు లేవు. ఎత్తైన పర్వతాలను దాటేటప్పుడు లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు డకోటాలో లేదు. ఆ తరువాత సైనికులూ, సామగ్రీ విమానాలలో చేరడంతో లేహ్ నిలిచింది.

డకోటా పేరు గంజాంవారికి కొత్త కాదు. భంజనగర్ ప్రాంతపు కుటుంబానికి చెందిన బిజూ పట్నాయక్ ఈ రకపు విమానాలు నడిపిన వైమానికుడు. 1947లో అతడు డకోటాలో జావా వెళ్ళి, ఇండొనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను భారతదేశానికి చేర్చాడు. భువనేశ్వర్ విమానాశ్రయానికి అతని పేరే పెట్టారు.

ఇప్పుడు మళ్ళీ లెక్కకు వద్దాం. పెద్ద జెట్ విమానం ఆకాశంలో సుమారు గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 255ను 800తో భాగిస్తే గంటలో మూడవ వంతు కూడా రాదు. అంటే శ్రీనగర్ నుండి లేహ్‌కు 19 నిమిషాలు చాలాలి. కాని అక్కడ విమానం నడిచినప్పుడు టైంటేబుల్‌లో ముప్పావు గంట నుండి గంట వరకు చూపుతారు. మిగిలిన కాలం ఏమైంది?

విమానం నిలిచిన చోటు నుండి కదిలి రన్‌వే చివరకు పోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నేల విడిచిన వెంటనే అది పూర్తి వేగం అందుకోదు. ఎత్తుకు ఎక్కుతూ క్రమంగా వేగం పెంచుకుంటుంది. దిగేటప్పుడు చాలా ముందునుండే వేగం తగ్గించుకుంటుంది. గాలికి ఎదురుగా దిగడానికి అవసరమైతే చుట్టు తిరిగి రన్‌వే వైపు మళ్ళుతుంది. దిగిన తరువాత మళ్ళీ నిలిచే చోటికి నెమ్మదిగా నడుస్తుంది. టైంటేబుల్‌లో చూపే కాలం నిలిచినచోట కదిలింది మొదలు నిలిచేచోట ఆగేవరకు. అందుకే ఉజ్జాయింపు లెక్క వేసేవారు దూరాన్ని వేగంతో భాగించి, వచ్చినదానికి అరగంట కలుపుతారు. ఈ అరగంట దగ్గరి ఊరికీ, దూరపు ఊరికీ ఇంచుమించు ఒకటే. దగ్గరి ప్రయాణంలో అది పెద్ద భాగంగా కనబడుతుంది. దూర ప్రయాణంలో చిన్నదిగా కనబడుతుంది.

లేహ్ విషయంలో మరికొన్ని ఇబ్బందులు ఉన్నాయి. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకు ఊతమిచ్చేది గాలే. గాలి పలచనైతే విమానం నేల విడవడానికి ఎక్కువ వేగం, ఎక్కువ పొడవైన రన్‌వే కావాలి. కొన్నిసార్లు బరువు కూడా తగ్గించుకోవాలి. మధ్యాహ్నం తరువాత లోయలో గాలులు బలంగా వీస్తాయి. అందువల్ల అక్కడి విమానాలు చాలావరకు ఉదయం పూటే వచ్చిపోతాయి. ఉదయం పొగమంచు పట్టి విమానం రాకపోతే ప్రయాణికుడు మరునాటి కోసం ఎదురుచూడవలసిందే. అప్పుడు గంట ప్రయాణం రోజు ప్రయాణంగా మారుతుంది.

తొందరగా చేరడం వల్ల శరీరానికి కూడా కష్టం ఉన్నది. పల్లపు ప్రాంతం నుండి గంటలో లేహ్ చేరినవారికి పలచని గాలి అలవాటు కాదు. తలనొప్పి, వికారం, ఆయాసం కలగవచ్చు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు. రోడ్డుమీద మెల్లగా ఎక్కినవారికి శరీరం కొంతవరకు అలవాటు పడుతుంది. విమానం మిగిల్చిన కాలంలో కొంత భాగాన్ని శరీరం తిరిగి అడుగుతుందన్నమాట.

లేహ్ కంటె చాలా ఉత్తరాన, యూరప్ ఖండంలోని నార్వే దేశానికి చెందిన స్వాల్‌బార్డ్ దీవులు ఉన్నాయి. అక్కడ లాంగ్‌యీర్‌బ్యెన్ అనే చిన్న ఊరు ఉన్నది. అది సుమారు 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్నది. బొగ్గు గనుల కోసం 1906లో ఏర్పడిన ఆ ఊళ్ళో సుమారు రెండున్నర వేల మంది నివసిస్తున్నారు. అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరి నడుమ వరకు కనబడడు. ఆ ఊరికి బయటినుండి రోడ్డు లేదు. పూర్వం శీతకాలంలో సముద్రం గడ్డకట్టి ఓడలు వచ్చేవి కావు. చివరి ఓడ వెళ్ళిపోయిన తరువాత తిరిగి వసంతకాలం వరకు ఊరు దాదాపు ఒంటరిగా ఉండేది. 1975లో అక్కడ విమానాశ్రయం ప్రారంభమైంది. అప్పటినుండి ఏడాది పొడవునా రాకపోకలు సాగుతున్నాయి. ప్రజల కోసం క్రమం తప్పకుండా విమానాలు నడిచే విమానాశ్రయాలలో ప్రపంచమంతటిలో అన్నింటికంటె ఉత్తరాన ఉన్నది ఇదే. రన్‌వే కింది నేల లోతుగా గడ్డకట్టి ఉంటుంది. అది కరిగితే రన్‌వే కుంగుతుంది కనుక దాని సంరక్షణ నిత్యకృత్యం.

నార్వే ఉత్తర భాగంలోని ట్రోమ్‌సో నుండి ఈ ఊరికి విమానాలు పోతాయి. రెండింటికీ నడుమ సుమారు 960 కిలోమీటర్లు. ముందు చెప్పిన పద్ధతిలో లెక్క వేయవచ్చు. 960ని 800తో భాగిస్తే గంటా పన్నెండు నిమిషాలు. అరగంట కలిపితే గంటా నలభై రెండు నిమిషాలు. టైంటేబుల్‌లో చూపే కాలం కూడా సుమారు గంటా నలభై నిమిషాలే. శ్రీనగర్, లేహ్‌ల దూరానికి ఇది దాదాపు నాలుగు రెట్లు. కాని కాలం రెట్టింపు మాత్రమే అయింది. కారణం ఆ అరగంటే.

ఉత్తరానికి పోయినకొద్దీ మరొక వింత కనబడుతుంది. రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర కలుసుకుంటాయి. నారింజపండు తొనల అంచులు తొడిమ దగ్గర ఎలా కలుస్తాయో అలాగే. కాబట్టి రెండు రేఖాంశాల నడుమ దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. పొలసర దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 105 కిలోమీటర్లు. లేహ్ దగ్గర 92 కిలోమీటర్లు. లాంగ్‌యీర్‌బ్యెన్ దగ్గర 23 కిలోమీటర్లు మాత్రమే. గోడమీది పటంలో రేఖాంశాలను సమానంగా, నిలువుగా గీస్తారు. అందువల్ల ఉత్తర దేశాలు పటంలో ఉన్నదానికంటె విశాలంగా కనబడతాయి. ఆ పటం మీద స్కేలు పెట్టి అక్కడి దూరాలు కొలిస్తే తప్పు వస్తుంది.

సరైన దూరం తెలియాలంటే గ్లోబు మీద దారం పెట్టి చూడాలి. హైదరాబాదు మీద దారం ఒక కొస ఉంచి, రెండవ కొసను అమెరికాలోని షికాగో వరకు లాగి బిగించండి. దారం పడమటికి పోదు; దాదాపు నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి దగ్గరగా, లాంగ్‌యీర్‌బ్యెన్ ఉన్న అక్షాంశాన్ని తాకి, అవతలి వైపుకు దిగుతుంది. గోళం మీద అతి దగ్గరి దారి అదే. చదువులకూ, ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళిన తెలుగువారు ఎందరో ఉన్నారు. అక్కడికి పోయే విమానం ఉత్తరానికి ఎందుకు తిరుగుతుందని వారి ఇళ్ళలో ఎవరైనా అడిగితే ఈ దారమే జవాబు చెబుతుంది. అయితే గాలులు, దేశాల అనుమతులు, మధ్యలో దిగవలసిన ఊళ్ళు కూడా చూసుకోవాలి కనుక విమానాలు అన్నివేళలా ఈ దారినే పోవు. ఎత్తైన ఆకాశంలో పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. అందుకే భారతదేశం నుండి యూరప్ వెళ్ళే విమానానికి పట్టే కాలం కంటె తిరిగి వచ్చేటప్పుడు పట్టే కాలం తక్కువ.

దూరం మారకుండానే కాలం మారడం చూడడానికి ఇంత ఎత్తుకు ఎక్కనవసరం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గంజాం జిల్లాలో లెక్కలేనన్ని చెట్లు కూలి దారులకు అడ్డంగా పడ్డాయి. కిలోమీటరు రాళ్ళమీది అంకెలు మారలేదు. కాని పక్క ఊరు ఒక్కసారిగా దూరమైపోయింది. గొడ్డళ్ళు, రంపాలు పట్టుకొని చెట్లు నరికి తొలగించినవారే ఆ దూరాన్ని తిరిగి తగ్గించారు. లేహ్‌లో ఇసుకనేలను చదును చేసినవారు చేసింది కూడా ఇటువంటి పనే. ఒక ఊరు ఎంత దూరంలో ఉన్నదో భూమి నిర్ణయిస్తుంది. అక్కడికి ఎంతసేపట్లో చేరగలమో మాత్రం చాలావరకు మనుషుల శ్రమ నిర్ణయిస్తుంది.

అర్థాలు

ఆమడ = ఎనిమిది, పది మైళ్ళ దూరం
కూతవేటు = కేక వినబడేటంత దూరం
కనుమ = కొండల నడుమ దారి
కంచరగాడిద = గుర్రానికీ గాడిదకూ పుట్టిన జంతువు
ఉజ్జాయింపు = సుమారు లెక్క
నిత్యకృత్యం = ప్రతిదినం చేయవలసిన పని

అభ్యాసం

1. రోడ్డు పొడవు నేరు దూరం కంటె ఎక్కువగా ఉండడానికి కారణాలు ఏవి?
2. పొలసరలోని వ్యక్తి విశాఖపట్నం చేరడానికి విమానం కంటె రైలు అనుకూలం కావచ్చునని ఎందుకు అన్నారు?
3. శీతకాలంలో లేహ్‌కూ, పూర్వపు లాంగ్‌యీర్‌బ్యెన్‌కూ ఉన్న పోలికలను ఐదు వాక్యాలలో రాయండి.
4. రెండు విమానాశ్రయాల నడుమ దూరం 1,200 కిలోమీటర్లు. పాఠంలో చెప్పిన పద్ధతిలో ప్రయాణకాలం లెక్క వేయండి.
5. మీ ఊరి నుండి బరంపురం ఎంత దూరమో బస్సు కండక్టరును అడిగి తెలుసుకోండి. పటం మీద నేరు దూరం కొలవండి. రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో తరగతిలో చెప్పండి.
6. దూరాన్ని తెలిపే పాత మాటలను మీ ఇంటి పెద్దలను అడిగి సేకరించండి. ఒక్కొక్కదానిని సొంత వాక్యంలో ప్రయోగించండి.